పాత కంప్యూటర్లలో యూనిక్స్ తరహా స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టముల స్థాపన

1. విషయ ప్రవేశము

వస్తువునకు ప్రాతదనము రెండు విధముల సంక్రమించును. మొదటిది దేహధర్మము: ఇనుము త్రుప్పు పట్టును, తాటాకును పురుగు తొలుచును. రెండవది నిర్ణయధర్మము: వస్తువు చక్కగా పనిచేయుచుండగనే, దానిని పోషించువారు ఇకమీదట పోషింపమని ప్రకటించుటచే అది ప్రాతదిగా లెక్కింపబడును. కంప్యూటరు విషయమున ఈ రెండును కలిసిపోయి, రెండవదే మొదటిదిగా భ్రమ గొల్పుచున్నది.

ఆపరేటింగ్ సిస్టమనగా కంప్యూటరు అవయవములకును మనము వాడుకొను ప్రోగ్రాములకును నడుమ నిలిచి, ఎవరి కేది ఎప్పుడు లభింపవలెనో నిర్ణయించు మూలప్రోగ్రాము. మైక్రోసాఫ్ట్ సంస్థ తన విండోస్ ఎక్స్.పి.కి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ పోషణమును ముగించినది. కొన్ని షరతులకు లోబడి మఱికొంత కాలము లభించు రక్షణ సవరణల మాట వేఱు. 2021లో వెలువడిన విండోస్ 11, టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనమును, నిర్ణీతములైన ప్రాసెసర్లను కోరును. ఇంటెల్ ప్రాసెసర్లలో స్థూలముగ ఎనిమిదవ తరమునకు పూర్వమున్నవి ఆ పట్టికలో చేరలేదు. కావున 2015లో కొన్న కంప్యూటరు, ఒక్క మర సడలకున్నను, 2025 అక్టోబరు నాటికి నిర్ణయధర్మముచే వృద్ధమైనది.

అట్టి యంత్రములు మన విభాగములలోను, గ్రంథాలయములలోను, అధ్యాపకుల ఇండ్లలోను ముసుగులు కప్పుకొని యున్నవి. వానిని యూనిక్స్ తరహా స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టములతో మరల పనికి తేవచ్చునన్నది తెలిసిన విషయమే. ఐనను ఆ పనికి ముందు చేయవలసిన దేమి, చేయునప్పుడు పాటింపవలసిన క్రమమేమి, చేసిన పిదప లభించున దెంత, లభింపని దెంత అను విచారము తెలుగు పరిశోధకుల దృష్టితో జరుగుట అరుదు. ఆ విచారమే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

2. యూనిక్స్ వంశము - 'స్వేచ్ఛ' అను మాటకు అర్థము

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున పుట్టినది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దానికి ప్రధాన నిర్మాతలు. 1973లో దానిని సి భాషలోనికి మార్చి వ్రాయుటతో, ఒక యంత్రమునకే కట్టుబడక అనేక యంత్రములకు తరలిపోగల గుణము దాని కబ్బినది. నేడు మనము పాత యంత్రములపై నిలుపగోరుట కీ గుణమే మూలము.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ యూనిక్స్‌ను పోలిన సంపూర్ణ స్వేచ్ఛా సిస్టమును నిర్మింప సంకల్పించి, దానికి 'గ్నూ' అని పేరిడెను. ఆ పేరునకు 'గ్నూ యూనిక్స్ కాదు' అని విగ్రహవాక్యము. విగ్రహములోను ఆ పదమే మరల వచ్చుట దాని చమత్కారము. 1991లో ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన 386 తరగతి సొంత కంప్యూటరుపై లినక్స్ అను కెర్నెలును, అనగా సిస్టము యొక్క గర్భభాగమును, వ్రాసెను. ఈ రెండింటి కలయికయే నేడు లినక్స్ అని వ్యవహరింపబడుచున్నది. బర్క్‌లీ విశ్వవిద్యాలయపు యూనిక్స్ శాఖనుండి 1993లో ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ వెలువడినవి; నెట్‌బీఎస్‌డీ నుండి 1995లో ఓపెన్‌బీఎస్‌డీ చీలినది.

వ్రాతప్రతులను పరిష్కరించు వారికి ఈ వంశక్రమము సుగమము. 1993లో ఆరంభమైన డెబియన్ ఒక మాతృక. దానినుండి 2004లో ఉబుంటు, ఉబుంటునుండి 2006లో లినక్స్ మింట్ వెలసినవి. ఇట్టి ఒక్కొక్క కూర్పును డిస్ట్రిబ్యూషన్ అందురు. మాతృకలోని గుణదోషములు పుత్రికలకు సంక్రమించును. పుత్రికలో తోచిన చిక్కునకు సమాధానము తఱచుగ మాతృకలో దొరకును.

ఆంగ్లమున 'ఫ్రీ' అను మాట ఉచితమునకును స్వేచ్ఛకును సమానముగ చెల్లుటచే అక్కడివారు దానిని పలుమారు వివరింపవలసి వచ్చినది. తెలుగున రెండు మాటలు వేఱువేఱుగ నున్నందున మనకా చిక్కు లేదు. ఇక్కడ స్వేచ్ఛయనగా నాలుగు హక్కులు: ఏ ప్రయోజనమునకైనను నడుపుకొనుట, మూలపాఠమును చదివి మార్చుకొనుట, ప్రతులను పంచుట, మార్చిన ప్రతులను పంచుట. వెల లేకుండుట దీని ఫలములలో నొకటి మాత్రమే. పాత యంత్రమునకు మేలు చేయునది రెండవ హక్కు. ఒక సంస్థ పోషణ మానినను మూలపాఠము వెల్లడిగ నుండుటచే, శక్తియు ఆసక్తియు గలవారు దానిని కొనసాగింపవచ్చును.

3. యంత్ర పరీక్ష

స్థాపనకు పూనుకొనుటకు మున్ను యంత్రము దేహధర్మముచే ముదిసినదా, నిర్ణయధర్మముచే ముదిసినదా అని తేల్చుకొనవలెను. దీనికి నాలుగు పరీక్షలు చాలును.

మొదటిది ప్రాసెసరు. అది 64 బిట్లదా, 32 బిట్లదా అన్నదే ముఖ్యప్రశ్న. ఏ.ఎం.డి. సంస్థ 2003లో 64 బిట్ల ప్రాసెసర్లను వెలువరించినది. 2006లో వచ్చిన ఇంటెల్ కోర్ 2 డ్యుయో అట్టిదే. అంతకు ముందరి పెంటియమ్ యంత్రములలో పెక్కులును, 2008 ప్రాంతమున చిన్న లాప్‌టాప్‌లలో వాడిన ఆటమ్ ఎన్ 270యు 32 బిట్లవి. ప్రస్తుతమున్న విండోస్ 32 బిట్లదైనంత మాత్రమున ప్రాసెసరు 32 బిట్లదని తలపరాదు. 64 బిట్ల యంత్రములపై 32 బిట్ల విండోస్ నిలిపి యమ్మిన సందర్భములు కలవు. ప్రాసెసరు పేరును చూచి నిర్ణయించుటయే యుక్తము.

రెండవది ర్యామ్. 2 జీబీ యున్నచో ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలిక డెస్క్‌టాప్ పరిసరము సుఖముగ నడచును. 1 జీబీ యున్నచో ఎల్‌ఎక్స్‌డీఈ గాని అంతకంటె తేలికైన ఐస్‌డబ్ల్యుఎం గాని యుక్తము. 512 ఎంబీ మాత్రమే యున్నచో వ్రాతపనికిని, దస్త్రములను భద్రపఱచుటకును వాడవచ్చును. ఆ యంత్రమున నేటి వెబ్ పుటలను తెఱవ నెంచుట వృథాశ్రమ.

మూడవది హార్డ్ డిస్కు. డిస్కులు తమ ఆరోగ్యమును తామే లెక్కించి చెప్పు స్మార్ట్ అను ఏర్పాటు వానిలో కలదు. చెడిన విభాగముల సంఖ్య నానాటికి పెరుగుచున్నచో ఆ డిస్కుపై ఏ సిస్టమును నిలుపరాదు. 2003 తరువాతి యంత్రములలో క్రమముగ వ్యాపించిన సాటా కలుపుదల యున్నచో, పాత డిస్కునకు బదులు చిన్న ఎస్.ఎస్.డి. నమర్చుట ఉత్తమము. పాత యంత్రమునకు వేగము కలిగించు మార్పులలో దీనికి సాటియైనది మఱొకటి లేదు.

నాలుగవది చిన్నదైనను ఉపేక్షింపదగనిది. మదర్‌బోర్డుపై నాణెమంత బ్యాటరీ ఒకటి యుండును. సామాన్యముగ దాని సంఖ్య సి.ఆర్. 2032. అది నీరసించినచో కంప్యూటరు ఆపినప్పుడెల్ల గడియారము వెనుకటి యేదో సంవత్సరమునకు పోవును. అప్పుడు వెబ్ సైట్ల భద్రతా పత్రములు చెల్లవని బ్రౌజరు నిరాకరించును. వాడువాడు క్రొత్త సిస్టమున లోపమున్నదని తలచును. ఆ బ్యాటరీని మార్చినంతనే ఆ దోషము తొలగును.

4. స్థాపనకు ముందు వ్రాతల రక్షణము

స్థాపన యనగా పెక్కు సందర్భములలో డిస్కును తుడిచి వేయుటయే. తెలుగు విభాగములలోని పాత కంప్యూటర్లు కేవల యంత్రములు కావు. అవి వ్రాతప్రతుల భాండారములు. సిద్ధాంత గ్రంథముల చిత్తుప్రతులు, జానపద గేయ సేకరణలు, శాసనపాఠములు, నిఘంటువుల ఆరోపములు వానిలో నున్నవి. వానిలో అనేకము మఱొకచోట లేవు. కావున దస్త్రముల ప్రతి తీయవలెనని చెప్పుట మాత్రముతో తెలుగువారికి సరిపోదు. మన విషయమున దీనికంటె సూక్ష్మమైన అపాయమొకటి కలదు.

యూనికోడ్ సంకేతక్రమమున తెలుగు లిపికి 1991లోనే చోటు లభించినది. అయినను అచ్చుపనిలో యూనికోడ్ నెలకొనుటకు చాలకాలము పట్టినది. ఆ మధ్యకాలమున మన వ్రాతలలో అధికభాగము అను మొదలగు పూర్వపు ఫాంట్లలో సాగినది. ఆ ఫాంట్లు రోమన్ అక్షరముల స్థానములలో తెలుగు అక్షరముల ముక్కలను నిలిపినవి. తలకట్టొక స్థానమున, కొమ్మొక స్థానమున, ఒత్తొక స్థానమున నుండును. దస్త్రములో నిలిచియున్నది ఆ స్థానముల సంఖ్యలే. ఫాంటు లేనిచో ఆ దస్త్రము అర్థరహితమైన రోమన్ గుర్తుల వరుసగ కనబడును. అనగా దస్త్రమొక తాళము, ఫాంటు దాని చెవి. డిస్కును తుడుచువాడు దస్త్రములను మాత్రము భద్రపఱచి ఫాంటును మఱచినచో, తాళము నిలిచి చెవి పోవును.

కావున ఈ క్రమమును పాటింపవలెను. మొదట, పాత సిస్టము నడచుచుండగనే, ప్రతి ముఖ్యదస్త్రమును అందు తెఱచి పీడీఎఫ్ రూపమున నొక ప్రతి తీయవలెను. ఇది ఆకారమునకు సాక్షి. రెండవది, మూలదస్త్రములతోపాటు ఫాంటు దస్త్రములను గూడ ప్రత్యేకముగ నెత్తి యుంచవలెను. మూడవది, మార్పిడి ప్రోగ్రాములతో పాఠమును యూనికోడ్‌లోనికి మార్చి, పీడీఎఫ్ ప్రతితో సరిచూడవలెను. ఒత్తులు, వట్రుసుడి, అరసున్న, బండిఱ యున్నచోటుల మార్పిడి తడబడుట కవకాశము మెండు. పాఠపరిష్కరణమునకు వలె ఇచటను ప్రత్యక్షరము చూచుటయే మార్గము. నాలుగవది, ఈ మొత్తమును రెండు వేఱు సాధనములపై, వేఱు స్థలములలో నుంచవలెను.

పేజ్‌మేకర్ దస్త్రముల మాట ప్రత్యేకము. లిబ్రె ఆఫీసు 4.4వ కూర్పునుండి వానిని తెఱవగల శక్తిని సంపాదించుకొన్నది. ఐనను పుటవిన్యాసము యథాతథముగ వచ్చునని నమ్మరాదు. పీడీఎఫ్ సాక్షి లేకుండ పేజ్‌మేకర్ ఉన్న యంత్రమును తుడుచుట సాహసము.

5. స్థాపన క్రమము

యంత్రమునకు తగిన డిస్ట్రిబ్యూషన్‌ను ఎన్నుకొనుట మొదటి పని. 64 బిట్ల ప్రాసెసరును 2 జీబీ, అంతకు మించిన ర్యామును ఉన్నచో డెబియన్ గాని, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు గాని తగియుండును. అంతకు తక్కువైన యంత్రములకు యాంటిఎక్స్, పప్పీ లినక్స్ ఉద్దిష్టములు. పప్పీని బారీ కౌలర్ 2003లో ఆరంభించెను. అది ర్యామ్ నందే యిమిడి నడువగలుగుట దాని విశేషము.

ఎన్నుకొన్న సిస్టము ఐఎస్ఓ అను ఒకే దస్త్రముగ లభించును. దానితోపాటు ఒక పొడవైన సరిచూపు సంఖ్యను ప్రకటింతురు. దిగుమతియైన దస్త్రమునుండి మనము లెక్కించిన సంఖ్య ప్రకటిత సంఖ్యతో సరిపోలినచో ప్రతి శుద్ధము. ఒక్క బిట్టు మారినను సంఖ్య పూర్తిగ మారిపోవును. మాతృకతో ప్రతిని ఒప్పుచూచుటలో ఇంత నిశ్చయము మన లేఖకుల కెన్నడును లభింపలేదు. దీనిని విడుచుట తగదు.

పిదప ఐఎస్ఓ దస్త్రమును పెన్‌డ్రైవుపై ఎక్కింపవలెను. మామూలు దస్త్రమువలె నకలు చేసినచో చాలదు. తగిన ప్రోగ్రాముతో, మక్షికస్థానే మక్షికః అనునట్లు, బిట్టునకు బిట్టుగ వ్రాయవలెను. కంప్యూటరు వెలిగిన వెంటనే బయాస్ పలకను తెఱచి, పెన్‌డ్రైవునుండి మొదలగునట్లు క్రమము మార్చవలెను. మిక్కిలి పాత యంత్రములు కొన్ని పెన్‌డ్రైవునుండి మొదలు కాజాలవు. అట్టివానికి సీడీ గాని డీవీడీ గాని యుపయోగింపవలెను.

పెక్కు డిస్ట్రిబ్యూషన్లు డిస్కును తాకక పెన్‌డ్రైవునుండియే నడచు 'లైవ్' విధానము నిచ్చుచున్నవి. స్థాపనకు ముందు ఒక పూట ఈ విధానమున యంత్రమును నడిపి చూడవలెను. తెర, శబ్దము, కీబోర్డు, ప్రింటరు, వైఫై ఒక్కొక్కటిగ పరీక్షింపవలెను. పాత లాప్‌టాప్‌లలో వైఫైయే తఱచుగ చిక్కు తెచ్చును. ఆ పరికరములకు కావలసిన ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాకపోవుటయే కారణము. డెబియన్ వారు 2022లో ఓటింగు జరిపి, 2023లోని 12వ కూర్పునుండి అట్టి ఫర్మ్‌వేర్‌ను అధికారిక స్థాపకమున చేర్చుటచే ఈ చిక్కు తగ్గినది. ఐనను స్థాపన సమయమున నెట్‌వర్కు తీగను కలుపుకొనుటయే క్షేమము.

స్థాపన ఆరంభమైన పిదప అడుగు ప్రశ్నలు కొన్నియే: భాష, స్థలము, కీబోర్డు, వాడుకరి పేరు, పాస్‌వర్డు. డెబియన్ చిత్రరూప స్థాపకమున భాషగ తెలుగును గూడ ఎన్నుకొనవచ్చును. జాగ్రత్తతో నుత్తరమీయవలసినది డిస్కు విభజన ప్రశ్న ఒక్కటే. సిస్టమునకు సుమారు 25 జీబీ నొక భాగముగను, స్వాప్ అను తాత్కాలిక స్మృతికి 2 జీబీ వఱకు నొక భాగముగను ఉంచి, మిగిలినదంతయు 'హోమ్' అను ప్రత్యేక భాగముగ నుంచుట మేలు. అట్లుంచినచో రేపు సిస్టమును మార్చవలసి వచ్చినను, హోమ్ భాగమును తుడువవలదని నిర్దేశించినచో వ్రాతలు చెక్కుచెదరవు.

6. తెలుగు వ్రాతకు అనుకూలనము

స్థాపన ముగిసిన పిదప తెలుగు ఫాంట్లను చేర్చుకొనవలెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లును, లోహిత్ తెలుగును డెబియన్ భాండారమున నున్నవి. టైపు చేయుటకు ఐబస్ అను ఏర్పాటు ద్వారమున ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిని గాని, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయము పేర ప్రసిద్ధమైన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ పద్ధతిని గాని యెన్నుకొనవచ్చును. అచ్చుపుటల చిత్రములను పాఠముగ మార్చు టెసరాక్ట్ ప్రోగ్రామునకు తెలుగు దత్తాంశము కలదు. హైదరాబాదున నెలకొన్న స్వేచ్ఛ సంస్థ తెలుగున పనిచేయు లినక్స్ కూర్పును వెలువరించి, ఈ మార్గమున మనవారి కృషికి నిదర్శనము చూపినది.

పరిశోధకులకు మఱియొక లాభము కలదు. దంత్య చ జ లకు గుర్తులైన ౘ, ౙ లకు యూనికోడ్‌లో స్థానము 2008లో 5.1వ కూర్పున లభించినది. శాసనములలో కానవచ్చు ఴ కారమునకు 2014లో 7.0వ కూర్పున స్థానము లభించినది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్.పి. తన సహజస్థితిలో ఈ సంకేతముల నెరుగదు. అదే యంత్రముపై నేటి స్వేచ్ఛా సిస్టము నిలిచినచో, ఆ అక్షరములు గల నేటి ఫాంట్లు దానితో వచ్చును. యంత్రము పాతదే, దాని అక్షరజ్ఞానము మాత్రము నేటిది. పదవ్యుత్పత్తిని, శాసనభాషను పరిశీలించువారి కిది చిన్న లాభము కాదు.

7. పరిమితులు

స్వేచ్ఛా సిస్టములలో నిర్ణయధర్మము లేదని చెప్పుట సత్యము కాదు. 386 యంత్రముపై పుట్టిన లినక్స్ కెర్నెలే 2013లోని 3.8వ కూర్పున 386 ప్రాసెసరును విడిచిపుచ్చినది. డెబియన్ 2025 ఆగస్టు 9న వెలువరించిన 13వ కూర్పున 32 బిట్ల ఇంటెల్ తరగతి యంత్రములకు స్థాపకమును మానినది. ఆ యంత్రములకు 12వ కూర్పే చివరిది. దాని దీర్ఘకాలిక పోషణకు 2028 జూన్ గడువు. నెట్‌బీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ మాత్రము 32 బిట్ల యంత్రముల నింకను పోషించుచున్నవి. వానిని నడుపుటకు ఆజ్ఞల పరిచయము హెచ్చుగ కావలెను.

ఇచట భేదమొకటి గుర్తింపదగినది. మూలపాఠము మూసియున్న సిస్టమున పోషణ ముగియుట కథకు ముగింపు. స్వేచ్ఛా సిస్టమున అది ఒక శాఖకు ముగింపు; మఱియొక శాఖ దానిని స్వీకరించుటకు హక్కున్నది. ఐనను హక్కుండుట వేఱు, చేయువారుండుట వేఱు. కావున 32 బిట్ల యంత్రమును నేడు మరల నిలుపువారు, దానిని కొలది సంవత్సరముల పనికి మాత్రము లెక్కించుకొనవలెను. 64 బిట్ల యంత్రముల విషయమున అట్టి సంకోచ మక్కరలేదు.

మఱియు సిస్టమెంత తేలికయైనను నేటి వెబ్ పుటలు తేలిక కావు. బ్రౌజరు నాలుగు పుటలు తెఱచునప్పటికే 1 జీబీ ర్యామ్ నిండిపోవును. పాత పెంటియమ్ 4 డెస్క్‌టాప్‌లు చేయు పనికి మించి విద్యుత్తును తినును. దినమంతయు వెలుగవలసిన చోట అవి గిట్టుబాటు కావు. విండోస్‌కే పరిమితమైన ప్రోగ్రాములపైన గాని, దానిపైననే పనిచేయు స్కానరుపైన గాని పని ఆధారపడియున్నచో, అట్టి యంత్రమును నెట్‌వర్కునుండి విడదీసి ఉన్నదున్నట్లు ఉంచుటయే వివేకము.

8. ఉపసంహారము

పై విచారమువలన మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది: కంప్యూటరును పారవేయుటకు మున్ను దాని ముదిమి దేహముదా, నిర్ణయముదా అని పరీక్షింపవలెను, దేహము దృఢముగ నున్నచో స్వేచ్ఛా సిస్టము దానిని పనికి తేగలదు. రెండవది: ఆ సిస్టమును నిలుపుట ఒక పూట పని, దానికి ముందు పాత దస్త్రములను ఫాంట్లతో సహా కాపాడి యూనికోడ్‌లోనికి తెచ్చుట నెలల పని. మొదటి పని సులభమగుటచే రెండవ పనిని దాటవేయు ప్రలోభము కలుగును. దానికి లొంగరాదు. మూడవది: యంత్రమునకు లభించున దొక గడువు మాత్రమే. ఆ గడువులో దాని గర్భమున నున్న తెలుగు వ్రాతలను ఏ యంత్రమున నైనను చదువదగిన రూపమునకు మార్చి, పలుచోట్ల నిలుపుట మన బాధ్యత.

మన విభాగములు ముందుగ నొక్క యంత్రముతో నీ పని నారంభించి, అందలి దస్త్రముల పట్టిక నొకటి సిద్ధపఱచినచో, తక్కిన యంత్రములకు మార్గము తానే ఏర్పడును. తాటాకు ప్రతి శిథిలమగుచున్నప్పుడు పూర్వులు మొదట చేసినది దానికి ప్రతి వ్రాయుట. యంత్రములోని వ్రాతకును ఆ ధర్మమే వర్తించును.